తిరుపతిలో డీలర్ల సమావేశం: దర్శనం ముందా, సమావేశం ముందా?

ప్రశ్న (చిత్తూరు నుంచి):
నమస్కారం. మాది చిత్తూరులో బిందుసేద్యం పరికరాలు తయారుచేసే సంస్థ. రాయలసీమ, నెల్లూరు, వేలూరు, కోలారు వైపు కలిపి 110 మంది డీలర్లు ఉన్నారు. వారందరినీ తిరుపతికి పిలిచి సమావేశం జరిపే బాధ్యత మా యజమాని నాకు అప్పగించారు. ఉదయమే దర్శనం చేయించి, కొండ దిగాక 11 గంటలకు సమావేశం మొదలుపెట్టి, భోజనాలతో ముగించాలని ఆయన ఆలోచన. కొత్త ఫిల్టరును కూడా ఆ రోజే చూపించాలి. నవంబరు రెండో శనివారం అనుకుంటున్నాం. కుదురుతుందా? కల్యాణ మండపం మేలా, హోటల్ హాలు మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు (తిరుపతిలో సభలు, సమావేశాల ఏర్పాట్లు చూసే సభ్యుడు):
అండీ, ముందు ఆ వరుస తిరగేయండి. మొదటి రోజు సమావేశం, మర్నాడు దర్శనం. 300 రూపాయల టిక్కెట్టు మీద ప్రవేశ సమయం ఉంటుంది గానీ బయటికి వచ్చే వేళ ఎవరి చేతిలోనూ ఉండదు. దర్శనం అయ్యాక లడ్డూలు తీసుకోవాలి, డిపాజిట్ చేసిన ఫోన్లు, చెప్పులు వెనక్కి తీసుకోవాలి, ఘాట్ రోడ్డు దిగాలి. కొందరు 11కి వస్తే మిగతావారు భోజనాల వేళ దాకా వస్తూనే ఉంటారు. వచ్చినవారు కూడా తెల్లవారుజామున లేచిన అలసటతో కునుకు తీస్తారు. అంత ఖర్చుపెట్టి పిలిచి, చెప్పదలచుకున్నది వారి చెవిన పడకపోతే ఎంత నష్టమో ఆలోచించండి.

ఉదయం 10కి మొదలుపెట్టి సాయంత్రం 4కి ముగించండి. రాత్రికి బస ఇవ్వండి, కుటుంబాలతో రమ్మనండి. దర్శనం టిక్కెట్లు మేమిస్తామని మాత్రం ఆహ్వానంలో రాయవద్దు. ఆ కోటా సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలై చూస్తుండగానే అయిపోతుంది. టిక్కెట్టు ఆధార్ వివరాలతో ఇస్తారు కాబట్టి ఒకరి టిక్కెట్టు మీద మరొకరు వెళ్లలేరు. నాలుగు నెలల ముందే తేదీ ఖాయం చేసి డీలర్లకు చెప్పేయండి, ఎవరి టిక్కెట్టు వారు తీసుకుంటారు. బ్రేక్ దర్శనం ఇప్పిస్తామంటూ వచ్చే దళారులను దగ్గరికి రానివ్వకండి. డబ్బు పోగొట్టుకున్న డీలరు తిట్టుకునేది మీ సంస్థనే.

నవంబరు వద్దంటాను. ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరు వరదలు చూసిన ఊరివాళ్లం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. పైగా కార్తీకంలో పెళ్లిళ్లుంటే మండపాలే కాదు, వంటవాళ్లూ దొరకరు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, వేసవి సెలవులు, పౌర్ణమి గరుడసేవ తప్పించండి. శని, ఆదివారాలు కూడా వద్దు. ఆషాఢంలో ఒక బుధవారమో గురువారమో చూడండి. ముహూర్తాలు ఉండవు, హాళ్లు ఖాళీగా ఉంటాయి, అద్దె గురించి మాట్లాడుకునే వీలుంటుంది.

110 మందికి హోటల్ హాలే మేలు. మండపాలు పెళ్లిళ్ల కోసం కట్టినవి. ఎత్తైన కప్పు కింద మైకులో మాట మారుమోగుతుంది, పెద్ద కిటికీల వెలుగులో ప్రొజెక్టరు బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. హాలును ఉదయం పూట, మీ సమావేశం జరిగే వేళకే వెళ్లి చూడండి. ఏసీలు వేయించి, చివరి వరుసలో కూర్చుని, వేదిక మీద ఒకరిని మాట్లాడమనండి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపమనండి. జనరేటరు అందుకునేలోగా ప్రొజెక్టరు ఆరిపోతే అది మళ్లీ వెలిగేదాకా అందరూ ఫోన్లు తీస్తారు. ల్యాప్‌టాప్, ప్రొజెక్టరు, సౌండ్ మిక్సరు మూడింటినీ యూపీఎస్ మీద పెట్టించుకోండి. ఈ ఒక్క మాట మీద హాలువాళ్లతో ఎంత పట్టుబట్టినా తప్పులేదు.

ఇక ఫిల్టరు. దాన్ని తెర మీద బొమ్మగా చూపిస్తే ఎవరికీ గుర్తుండదు. పార్కింగ్ ఆవరణ ఉన్న హోటల్ చూసుకుని, అక్కడ షామియానా వేయించండి. ఒక డ్రమ్ములో ఎర్రమట్టి కలిపిన నీళ్లు, చిన్న మోటారు, మీ ఫిల్టరు. అవతలి వైపు నీటిని గాజు గ్లాసులో పట్టి డీలరు చేతికివ్వండి. తర్వాత ఫిల్టరు విప్పి, లోపల పేరుకున్న మట్టిని వారి చేతే కడిగించండి. రేపు రైతు పొలంలో వారు చేసి చూపాల్సింది అదే కదా. మోటారుకు సింగిల్ ఫేజ్ సరిపోతుందా, నీళ్లు ఎటు పోతాయి అన్నది ముందే తేల్చుకోండి.

భోజనం శాకాహారమే పెట్టండి. మర్నాడు కొండకు వెళ్లేవారు ఎలాగూ మాంసం ముట్టరు. శనివారమే ఖాయమైతే ఒక్కపొద్దు ఉండేవారి కోసం రాత్రికి ఇడ్లీ, ఉప్మా చెప్పండి.

జవాబు (పీలేరు దగ్గర డీలరు):
డీలరుగా నా మాట ఒకటి. కంపెనీ సమావేశానికి బయలుదేరే ప్రతి డీలరు మనసులో ఉండేది రావలసిన పాత డబ్బే. నిరుటి స్కీము తాలూకు క్రెడిట్ నోటు, పాడైన పైపుల క్లెయిము, రాయితీ బిల్లు. వేదిక మీద ఎంత మంచి మాటలు చెప్పినా ఇవి తేలకపోతే మాకు ఎక్కవు. హాలు బయట ఒక బల్ల వేసి మీ అకౌంట్స్ మనిషిని కూర్చోబెట్టండి. ఒక్కో డీలరు ఖాతా నకలు ముందే ముద్రించి కవర్లో పెట్టండి. టిఫిను వేళకే కవరు చేతికొస్తే తేడా ఉన్నవారు అక్కడే మాట్లాడుకుంటారు, లోపల ప్రశాంతంగా వింటారు. ఇంకొకటి, వేలూరు వారికి తమిళంలో, కోలారు వారికి కన్నడంలో చెప్పే సేల్స్ మనిషిని ఫిల్టరు దగ్గర నిలబెట్టండి.

జవాబు (చిత్తూరు సభ్యురాలు):
చిత్తూరులోనే ఎందుకు పెట్టకూడదు? వేలూరు, కోలారు వారికి దగ్గర. ఫ్యాక్టరీ కూడా చూపించవచ్చు. కాణిపాకం సుమారు 12 కిలోమీటర్లు, సాయంత్రం వినాయకుడి దర్శనం చేయించి పంపవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మా, తిరుపతి అంటేనే అందరూ వస్తారని యజమాని పట్టుదల. ఇప్పుడు కొత్త చిక్కు. ఆషాఢంలో కొత్త సరుకు విడుదల చేయనంటున్నారు.

జవాబు (తిరుపతి సభ్యుడు):
చేయనక్కర్లేదు అండీ. ఆషాఢంలో చూపించండి, మొదటి బిల్లు శ్రావణంలో మంచి రోజు చూసి కొట్టండి. మధ్యలో ఉన్న రోజులు ఆర్డర్లు రాసుకోవడానికి పనికొస్తాయి. భోజనాల లెక్క అప్పుడే చెప్పకండి. వారం ముందు ప్రతి డీలరుకూ ఫోన్ చేసి వస్తున్నవారెందరో, ఏ రైలుకో, ఏ బస్సుకో రాసుకోండి. వంటవాళ్లకు గ్యారంటీ సంఖ్య, అంటే తిన్నా తినకపోయినా మీరు డబ్బు కట్టాల్సిన భోజనాల లెక్క, దానికి కొంచెం తగ్గించి చెప్పి, అదనపు భోజనం ధర కాగితం మీద రాయించుకోండి. రేణిగుంటలో దిగేవారికి బండి వేరుగా పెట్టండి, అక్కడి నుంచి ఊళ్లోకి సుమారు పది కిలోమీటర్లు ఉంటుంది.