అద్దె బాకీ తీర్చడానికి ఇంట్లో భోజనాల పార్టీ పెడదామనుకుంటన్నాం, ఎవరైనా ఇలా చేశారా?

బరంపురం గుంటడు:
అందరికీ నమస్కారం. మాది ఇచ్ఛాపురం దగ్గర పల్లె. బరంపురంలో గోసానినువాగాం వైపు ముగ్గురం కలిసి రెండు గదుల ఇంట్లో ఉంటన్నాం, అద్దె నెలకి 6500. నేను మందుల షాపులో చేస్తన్నాను, ఒకడు చదువుకుంటన్నాడు, మూడోవాడు పనిచేసే షోరూం మూసేశారు, దాంతో రెండు నెలల అద్దె 13000 బాకీ పడిపోయాం. వాడు రాత్రిళ్ళు నిద్రపోకుండా గుమ్మంలో కూచుంటన్నాడు, బ్యాగు సర్దేసి ఊరెళ్ళిపోతానంటన్నాడు. వాడిని పంపడం మాకిద్దరికీ ఇష్టం లేదు. వాడు చికెన్ పలావ్ చేస్తే పక్కింటి ఒరియా వాళ్ళు కూడా వచ్చి ఏటి వండారని అడుగుతారు, అందుకని ఒక ఆదివారం మధ్యాన్నం తెలిసినవాళ్ళని పిలిచి మనిషికి 200 తీసుకుందామనుకుంటన్నాం. పిలిచి డబ్బులడగడం తప్పా? కింద వాటాలో ఉన్న ఓనర్ గారికి చెప్పాలా? మందు, పేకాట పెడితే ఇంకా మిగుల్తాదని ఒక ఫ్రెండ్ అంటన్నాడు, నాకైతే భయంగా ఉంది.

పర్లాకిమిడి వంటోడు:
తమ్ముడూ ముందు లెక్క చూసుకో. 40 మంది అనుకుంటే చికెన్ 7 కేజీలు, మా దగ్గర 220 చొప్పున 1540, బాస్మతి 5 కేజీలు 550, నూనె ఉల్లిపాయలు మసాలా పెరుగు 700, విస్తళ్ళు నీళ్ళు 350, స్వీటు 300. మొత్తం 3440. 8000 వస్తే చేతికి 4560 మిగుల్తాది, అంటే ఒక నెల అద్దె కూడా నిండదు. ఆ మాట ముగ్గురూ ముందే అనుకోండి, లేకపోతే సాయంత్రానికి ఉసూరుమంటారు. డబ్బులు శుక్రవారంలోపే ఫోన్‌పేలో తీసుకో, వస్తామని రానివాళ్ళతోనే మునిగిపోతాం. ఇంకోటి, 40 మంది పలావ్ ఒకే గిన్నెలో పెట్టొద్దు, ఇంటి స్టవ్ మీద అడుగు మాడి పైన పలుకు ఉండిపోతాది, రెండు దఫాలుగా వండండి.

మందు జోలికి వెళ్ళొద్దు. లైసెన్సు లేకుండా గ్లాసుకింత అని తీసుకుంటే ఒడిశా ఎక్సైజ్ చట్టం ప్రకారం కేసే. పేకాటలో ఇంటివాళ్ళు వాటా తీసుకుంటే అది జూదం ఇల్లు అయిపోతాది, దానికి 1955 నుంచీ ఇక్కడ చట్టం ఉంది. ఓనర్‌కీ తలనొప్పే.

రాయగడ మాస్టారు:
తప్పేమీ లేదు బాబూ. 1920ల్లో న్యూయార్క్ హార్లెంలో నల్లజాతి వాళ్ళు సరిగ్గా ఇదే చేసేవాళ్ళు, రెంట్ పార్టీలనేవారు. వాళ్ళకి జీతాలు తక్కువ, అద్దెలు మాత్రం తెల్లవాళ్ళకన్నా ఎక్కువ వసూలు చేసేవాళ్ళు, అందుకని ఇంట్లో సామాను పక్కకి జరిపి, ఒక పియానో వాయించేవాణ్ణి పిలిచి, గుమ్మం దగ్గర పావు డాలరో ఎంతో తీసుకుని, చేపల వేపుడు పెట్టేవాళ్ళు. ఫ్యాట్స్ వాలర్, జేమ్స్ పి. జాన్సన్ లాంటి గొప్ప పియానో కళాకారులు ఆ ఇళ్ళల్లో వాయించినవాళ్ళే. పిలుపు కోసం చిన్న చిన్న కార్డులు అచ్చేయించి పంచేవాళ్ళు, కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఆ కార్డులు పోగేసి దాచుకున్నాడు, ఇప్పుడు యేల్ యూనివర్సిటీలో ఉన్నాయి. ఆ కార్డుల మీద అద్దె గొడవ రాసుకునేవాళ్ళు కాదు, పాట ఉంటాది భోజనం ఉంటాది రండి అని పద్యంలా పిలిచేవాళ్ళు. అద్దె కోసమని మాత్రం వచ్చేవాళ్ళందరికీ తెలుసు. మీరూ అలాగే పిలవండి.

ఆస్కా రోడ్ అప్ప:
బావు, నీ పోస్టు చదివి నాకు మా అమ్మ గుర్తొచ్చింది. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా టిఫిన్ బండి రేకు ఎగిరిపోయింది, కరెంటు లేదు, బేరాలు లేవు, ఇంటద్దె నెత్తిమీద ఉంది. దీపావళి వెళ్ళాక అమ్మ ధైర్యం చేసి చదివింపుల భోజనం పెట్టింది. అన్నం, పప్పు, వంకాయ కూర, పులుసు, అంతే. పెళ్ళిలో కూచున్నట్టు మా మావయ్య గుమ్మం దగ్గర పొడుగు పుస్తకం పట్టుకుని కూచున్నాడు, ఎవరెంత ఇస్తే అంత పేరుతో రాశాడు, కానీ అమ్మ పైకి చదవనివ్వలేదు. పది రూపాయలిచ్చిన ముసలమ్మ తల దించుకోకూడదని. ఆ పుస్తకం అంచులు పసుపు మరకలతో ఇప్పటికీ మా బీరువాలో ఉంది, వాళ్ళిళ్ళల్లో పెళ్ళొచ్చినా బారసాలొచ్చినా అమ్మ అది తీసి చూసి, రాసినదానికి ఇంకొంత కలిపి చదివించింది, చాలా పేర్ల పక్కన టిక్కు పడింది.

కాబట్టి 200 అని రేటు పెట్టొద్దు. చదువుకునే పిల్లలు 50 ఇవ్వగలరు, ఉద్యోగస్తుడు 500 ఇస్తాడు. ఓనర్ గారికి మాత్రం ముందే చెప్పి, ఆయన్నీ పిలవండి, మొదటి విస్తరి ఆయనకే వెయ్యండి. ఆయన డబ్బులు ఆయన ఇంట్లోనే వండి సంపాదిస్తన్నారు, దాచితే బాధపడతారు.

బరంపురం గుంటడు:
అప్పా, మాస్టారూ, అన్నా, అందరికీ దండాలు. పొద్దున్న ముగ్గురం వెళ్ళి ఓనర్ గారికి చెప్పేశాం. కాసేపు ఏటీ మాట్లాడలేదు, తర్వాత డాబా మీద వండుకోండి, కింద నుంచి గ్యాస్ బండ పట్టుకెళ్ళండి, పాటలు మాత్రం రాత్రి దాకా పెట్టొద్దు అన్నారు. బాకీ సగం ఇప్పుడు, సగం రెండు నెలల్లో ఇమ్మన్నారు. మావాడు బ్యాగులోంచి బట్టలు తీసి మళ్ళీ తాడు మీద వేశాడు, ఇప్పుడు గిరి మార్కెట్‌కి వెళ్ళాడు మసాలా రేట్లు కనుక్కోడానికి. పుస్తకం కొన్నాను అప్పా, పొడుగుదే.