ఆరో తరగతి పిల్లలకు చదవడం, రాయడం పునశ్చరణ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: గుంటూరు, ఉన్నత పాఠశాల తెలుగు ఉపాధ్యాయిని

ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల చేత మొదటి పాఠం పైకి చదివించినప్పుడు, కొందరు ఒత్తు కనబడిన ప్రతిచోటా ఆగిపోతున్నారు. మరికొందరు మొదటి అక్షరం చూసి మిగతా మాటను ఊహించి చెప్పేస్తున్నారు. నల్లబల్ల మీది వాక్యాలను చక్కని దస్తూరితో చూచిరాత రాయగలిగిన పిల్లలే, నేను చెప్పిన వాక్యాన్ని రాయమంటే దీర్ఘాలూ ఒత్తులూ వదిలేస్తున్నారు. మూడో తరగతి ముగిసేసరికి పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవగలగాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యంగా పెట్టుకుంది గాని, ఆ తరగతి దాటి వచ్చేసిన పిల్లల సంగతి చూడవలసింది ఇప్పుడు మా వంటి భాషోపాధ్యాయులే. పాఠాలు ఆపకుండా ఈ పునశ్చరణ ఎలా జరపాలి? అందరికీ అ, ఆల నుంచి మొదలుపెడితే చదవగలిగిన వారికి విసుగు, చదవలేని వారికి చిన్నతనం. అనుభవమున్న పెద్దలు దయచేసి చెప్పండి.

జవాబు: విజయవాడ, విశ్రాంత తెలుగు పండితుడు

అమ్మా, అ, ఆల దాకా వెనక్కి వెళ్లవలసిన పిల్లలు మీ తరగతిలో చాలా కొద్దిమందే ఉంటారు. ముందుగా ఒక్కొక్కరినీ విడిగా, మిగతా పిల్లలకు వినబడని చోట కూర్చోబెట్టుకుని, వారు ఇదివరకు చూడని చిన్న పేరా చదివించండి. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వేలో పాటించే వరుస ఇందుకు బాగా పనికివస్తుంది: ముందు ఒకటో తరగతి స్థాయి పేరా ఇస్తారు; అది ధారాళంగా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇస్తారు; చదవలేకపోతే విడి మాటలు, అవీ రాకపోతే విడి అక్షరాలు చూపిస్తారు. పాఠ్యపుస్తకంలోని పాఠాన్ని మాత్రం దీనికి వాడవద్దు, ఎందుకంటే పక్కవాడు చదవగా విని కంఠతా పట్టిన పిల్లవాడు పుస్తకం చూడకుండానే అప్పజెప్పగలడు.

పరీక్షలో మార్కులు వేయడం కన్నా, ఏ పిల్లవాడు ఏ అక్షరం దగ్గర తడబడ్డాడో రాసుకోవడం ముఖ్యం. ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలలో చాలామందికి ఒత్తు రూపం తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు. క, త, న, మ, య, ర, ల అనే అక్షరాల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు కనుక వాటిని ప్రత్యేకంగా నేర్పవలసిందే. అంతకన్నా పెద్ద చిక్కు ఉచ్చారణ వరుసలో ఉంది. “పిన్ని” అన్న మాటలో గుడి పై నకారం మీద ఉంటుంది, ఒత్తు కింద ఉంటుంది. చదివేటప్పుడు మాత్రం పై హల్లు, ఆ తర్వాత ఒత్తు, అన్నిటికన్నా చివర గుడి పలకాలి. “చెట్టు”లో కొమ్ము సంగతీ ఇంతే. కంటికి కనబడిన వరుసలో చదివే పిల్లవాడు “పినిన” అంటాడు, అదే విధంగా రాస్తాడు కూడా. ఈ వరుసను వేలితో చూపిస్తూ, నోటితో విడగొట్టి పలికించి, తిరిగి కలిపించాలి. గుణింతాల పట్టిక మొత్తం మళ్లీ రాయించినా ఈ లోపం తీరదు.

మ, య, ఘ, ఝలకు ఒత్వం, ఓత్వం మిగిలిన హల్లులకు వచ్చినట్లు రావు. “మొక్క”, “మోట”, “యోగం” వంటి మాటలు రాయించి చూస్తే ఎవరికి ఇది రాదో వెంటనే తేలిపోతుంది.

జవాబు: గుంటూరు, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని

మాస్టారు గారు చదవడం గురించి చెప్పారు కనుక రాయడం గురించి నాకు తెలిసినది చెబుతాను. చూచిరాత వల్ల దస్తూరి కుదురుతుందే గాని, విన్న ధ్వనిని అక్షరంగా మార్చే శక్తి ఉక్తలేఖనం, అంటే చెప్పినది విని రాయడం, వల్లనే వస్తుంది. రోజూ పీరియడ్ మొదట్లో పది నిమిషాలు కేటాయించి, నాలుగైదు మాటలూ రెండు వాక్యాలూ చెప్పి రాయించండి. మెడ, మేడ, కొన, కోన, గడి, గడ్డి వంటి జంటలు చెబితే దీర్ఘమూ ఒత్తూ మారినప్పుడు అర్థం ఎలా మారిపోతుందో పిల్లలు తామే గ్రహిస్తారు. తర్వాత సరైన రూపాలను బల్ల మీద రాసి, ఎవరి తప్పును వారే దిద్దుకోనివ్వాలి. ఉపాధ్యాయులే ఎర్ర సిరాతో దిద్దిన పుస్తకాన్ని పిల్లలు మూసి పక్కన పెట్టేస్తారు.

అన్ని తప్పులనూ ఒకేసారి పట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ముందు దీర్ఘాలు, తర్వాత ద్విత్వాలు (హల్లుకు దాని ఒత్తే వచ్చేవి), ఆపైన సంయుక్తాలు (వేరే హల్లు ఒత్తు వచ్చేవి); శ, ష, సల తేడాలనూ ఖ, ఘ వంటి మహాప్రాణాలనూ చివరికి ఉంచండి. మన జిల్లాల పిల్లలు “వచ్చిద్ది”, “చేసిద్ది” అని రాస్తే దాన్ని అక్షరదోషంగా లెక్కించకండి. ఆ పిల్లవాడు తాను పలికినది పలికినట్లు సరిగానే రాశాడు. రాతలో “వస్తుంది”, “చేస్తుంది” అని వాడతామన్నది వేరుగా, అతని మాటను తక్కువ చేయకుండా నేర్పవలసిన విషయం.

జవాబు: విజయవాడ, ఏడో తరగతి విద్యార్థి తల్లి

టీచర్ గారూ, చదవలేని పిల్లలను వెనుక బెంచీలలో ఒక గుంపుగా కూర్చోబెట్టవద్దని తల్లిగా మనవి చేస్తున్నాను. గుంపులు చేయడం తప్పదనుకుంటే, వారం వారం మార్చండి. ఇంట్లో పెద్దలకు చదువు రాకపోయినా సాయం చేయగలరు. మా అబ్బాయి చేత బస్సుల బోర్డులు చదివించేవాళ్లం: తెనాలి, మంగళగిరి సులువుగా వచ్చేవి, ఆ తర్వాత పొన్నూరు, మాచర్ల, సత్తెనపల్లి, పిడుగురాళ్ల.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఊళ్ల పేర్లను ఒత్తుల వరుసలో అమర్చి ఉక్తలేఖనానికి వాడుకుంటాను. ఇంకొక్క సందేహం: విడిగా చదివించే పని ముగిసేదాకా పాఠం ఆపాలా?

జవాబు: విజయవాడ, విశ్రాంత తెలుగు పండితుడు

ఆపవద్దమ్మా. పాఠాన్ని మీరు భావయుక్తంగా చదివి వినిపించి, చర్చలో అందరినీ పాల్గొననివ్వండి. చదవడం రాని పిల్లవాడికి ఆలోచించడం రాదనుకోకూడదు. కథను విని చక్కగా జవాబు చెప్పగలడు. ఆ చెప్పిన జవాబునే మీరు రెండు వాక్యాలుగా బల్ల మీద రాసి, అతని చేతనే చదివించండి. తన మాటలే కనుక ఊహకూ అక్షరానికీ పొత్తు కుదురుతుంది. మర్నాడు ఆ వాక్యాలలోని మాటలను తారుమారు చేసి ఇస్తే, నిజంగా చదువుతున్నాడో జ్ఞాపకం మీద చెబుతున్నాడో మీకు తెలిసిపోతుంది.