‘నీ చేతు లెట్లాడెనో’: చెడ్డవాడి గురించి మూడు పద్యాలు

నల్గొండ సభ్యుడు:

మిత్రులారా, మొన్న మన బృందంలో ఒకరు సుమతీ శతక పద్యం పెట్టి, మనిషిలోని చెడ్డతనాన్ని ఇంతకన్నా బాగా చెప్పిన పద్యం తెలుగులో ఉందా అని అడిగారు. అప్పుడు రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకోలేకపోయాను. తీరిగ్గా రాస్తున్నాను. ముందు ఆ పద్యం:

తలనుండు విషము ఫణికిని
వెలయంగాఁ దోక నుండు వృశ్చికమునకున్
దలఁ దోక యనక యుండును
ఖలునకు నిలువెల్ల విషము గదరా సుమతీ!

కందం నడక తెలిసిన చెయ్యి రాసిన పద్యమిది. మూడో పాదంలో ‘తల తోక యనక’ అనేసరికి పైన చెప్పిన పాము, తేలు రెండూ ఒక్క చోటికి వచ్చేస్తాయి. నాలుగో పాదంలో ‘నిలువెల్ల’ అన్న మాట నిలబడి ఉన్న మనిషిని కళ్లకు కట్టిస్తుంది. చాణక్యనీతిలో ఇలాంటి శ్లోకమే ఉంది. అందులో తక్షకుడి కోరల్లో, ఈగ తలలో, తేలు తోకలో విషముంటుందని చెప్పి, ‘సర్వాంగే దుర్జనే విషమ్’ అని ముగిస్తారు. తెలుగు పద్యంలో ఈగ లేదు. లేకపోవడమే మంచిదైంది, పద్యం బిగిసింది.

కానీ భావంతో నాకు పేచీ ఉంది. పాము విషం దాని తిండి కోసం, ప్రాణం కాపాడుకోవడం కోసం. రాళ్ల నేల మీద పని చేసినవారికి తెలుసు, తేలు కూడా తొక్కితేనో, రాయి కింద చెయ్యి పెడితేనో కుడుతుంది. వాటి విషానికి ఒక చోటు, ఒక అవసరం ఉన్నాయి. మనిషి దగ్గరకు వచ్చేసరికి పద్యం ‘ఖలుడు’ అనే వేరే జాతిని నిలబెట్టి, విషమంతా వాడి ఒంట్లో పోసేస్తుంది. దీన్ని చదివినవారెవరూ తమ వైపు చూసుకోరు. అందరికీ పక్కింటివాడే గుర్తొస్తాడు. బడిలో ఈ పద్యం అప్పజెప్పించుకునేటప్పుడు పిల్లలు తరగతిలో ఎవరో ఒకరి వైపు తిరిగి నవ్వుతారు, చూడండి. ఆ నవ్వంటే నాకు భయం.

దీని పక్కన ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన భర్తృహరి సుభాషితాల పద్యం పెట్టుకుందాం:

తమ కార్యంబు పరిత్యజించియుఁ బరార్థప్రాపకుల్ సజ్జనుల్
దమ కార్యంబు ఘటించుచున్ బరహితార్థవ్యాపృతుల్ మధ్యముల్
దమకై యన్యహితార్థఘాతుకజనుల్ దైత్యుల్ వృథాన్యార్థభం
గము గావించెడువార లెవ్వరొ యెఱుంగన్ శక్యమే యేరికిన్

సొంత పని మానుకుని ఇతరులకు మేలు చేసేవారు సజ్జనులు. సొంత పని చూసుకుంటూనే ఇతరులకూ మేలు చేసేవారు మధ్యములు. తమ లాభం కోసం ఇతరుల మేలును చెడగొట్టేవారు దైత్యులు. ఏ లాభమూ లేకుండా ఊరికే చెడగొట్టేవారు ఎవరో, ఎవరికైనా తెలుస్తుందా?

మొదటి మూడు రకాలకూ పేర్లు దొరికాయి, నాలుగో రకం దగ్గర కవికి పేరు దొరకలేదు. సంస్కృతంలో ఈ చోట ‘తే కే న జానీమహే’ అని ఉంది, వారెవరో మాకు తెలియదని. నీతి చెప్పడానికి కూర్చున్న భర్తృహరి, దుర్జనుల మీద అన్ని శ్లోకాలు రాసిన భర్తృహరి, ఇక్కడ తెలియదని ఒప్పుకున్నాడు. శతక సాహిత్యంలో నేను చదివినంతలో ఇంత నిజాయితీ గల పాదం అరుదు. లక్ష్మణకవి ఆ ఒప్పుకోలును ప్రశ్నగా మార్చాడు, అదీ బాగుంది. ఒక్క చోట మాత్రం మూలమే నాకు ఎక్కువ నచ్చుతుంది. మూడో రకాన్ని భర్తృహరి ‘మానుషరాక్షసులు’ అన్నాడు. తెలుగులో ‘దైత్యులు’ అనేసరికి అందులోని మనిషి జారిపోయాడు.

కొల్లాపూర్ సభ్యురాలు:

సార్, భర్తృహరి మాట వచ్చింది కాబట్టి మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. లక్ష్మణకవి కంటే ముందే, 17వ శతాబ్దిలో, మన పాలమూరు జటప్రోలు సంస్థానంలోనే భర్తృహరి తెలుగులోకి వచ్చాడు. ఎలకూచి బాలసరస్వతి చేసిన ఆ అనువాదం పేరు మల్లభూపాలీయం. నీతి పద్యాలకు మకుటం ‘సురభిమల్లా నీతివాచస్పతీ’. చివరి పాదంలో సగం మకుటానికే పోతుంది. ఉన్న చోటులోనే శ్లోకమంతా పట్టించాలి.

నల్గొండ సభ్యుడు:

అక్కా, మీరు గుర్తు చేయడం ఎంతో మేలైంది. ఆ మకుటంలో నన్ను పట్టి నిలిపేది ఇంకొకటి ఉంది. ప్రతి నీతి పద్యమూ పాలకుడిని పేరు పెట్టి పిలుస్తుంది. దుర్జనుల గురించి, రాజసేవలోని కష్టాల గురించి చెప్పేటప్పుడు కూడా వినేవాడు ప్రభువే. లాభం కోసం ఇతరుల మేలును చెడగొట్టేవాడి మాటను ఒక సంస్థానాధీశుడి ముఖం చూస్తూ చెప్పడమంటే చిన్న విషయం కాదు. పొగడ్తగా కనిపించే మకుటం అలాంటి చోట హెచ్చరికలా కూడా వినిపిస్తుంది నాకు.

దేవరకొండ సభ్యుడు:

అన్నా, నాలుగో రకం అసలు ఉందా అని నా అనుమానం. మన జిల్లాలనే తీసుకుందాం. దొరలు వెట్టి ఎందుకు చేయించుకున్నారు? లాభం కోసం. కుమ్మరి కుండలు ఊరికే వచ్చాయి, గొల్లవాళ్ల గొర్రెలు ఊరికే వచ్చాయి, పొలం పని ఊరికే జరిగింది. అది మూడో రకమే కదా. గడి, అంటే కోటలాంటి దొర ఇంటి, ముందు నుంచి పోయేవారు చెప్పులు విప్పి చేతపట్టుకుని నడవాలనే కట్టడి చూడండి. పైకి చూస్తే దొరకు దాంతో పైసా రాదు. కానీ అలా నడిచినవాడు రేపు వెట్టికి రానని అనలేడు. అంటే అవమానంలోనూ లాభముంది. భర్తృహరికి ఊరి లెక్క తెలియక ‘తెలియదు’ అన్నాడేమో.

నల్గొండ సభ్యుడు:

తమ్ముడూ, చెప్పుల లెక్క నువ్వు చెప్పింది నిజం. భయం కూడా ఒక పంటే, దొరలు దాన్ని ఏటా కోసుకున్నారు. దొర వరకు అది మూడో రకమనే నేనూ ఒప్పుకుంటాను.

కానీ ఆ కట్టడి అమలు కావాలంటే దొర ఒక్కడు చాలడు కదా. దారిన పోయేవాడిని ‘చెప్పులు తీయి’ అని అదిలించే గొంతు ఒకటి కావాలి, తీయకపోతే లేచే చెయ్యి ఒకటి కావాలి. ఆ చెయ్యి చాలా సార్లు గడి మనిషిది. అతనూ అదే గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడే. 1946 జులై 4న అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో ఊరేగింపు మీద తుపాకులు పేలాయి, దొడ్డి కొమరయ్య ఒరిగిపోయాడు. ఆ తుపాకులు పట్టినవారు విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. భూములు దేశ్‌ముఖ్‌వి, గడి దేశ్‌ముఖ్‌ది. ట్రిగ్గర్ మీద వేళ్లు మాత్రం వేరేవాళ్లవి. వాళ్లకు దక్కే లాభమెంత? కూలి, కాస్త పెత్తనం. ఒక ప్రాణానికి అది సరితూగే లాభమా? ఇక్కడికి వచ్చేసరికి నీ లెక్క నాకు చాలదు. భర్తృహరి ‘తెలియదు’ అన్నది ఇలాంటి చోటనే అనుకుంటాను.

మన కథకులు దీన్ని బాగా పట్టుకున్నారు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’లో గడికి ఒక సంగీత విద్వాంసుడు వస్తాడు, దొర అతనికి ఆశ్రయమిస్తాడు. పాట విని ఆనందించే చెవి, ఊరి ఏడుపు వినని చెవి ఒకే మనిషివి. రంగాచార్య ఆ దొరకు సంగీతం అంటగట్టకపోతే నవల సులువయ్యేది, మనకు దొరను అసహ్యించుకోవడమూ సులువయ్యేది. ఇంకొకరు మన నల్గొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి. జైలుకు వెళ్లిన ఆయన ‘జైలు లోపల’ కథల్లో తోటి ఖైదీలను రాశాడు. నేరం చేసినవారిని దగ్గర కూర్చుని చూసినవాడి రాత అది. ‘నిలువెల్ల విషము’ అన్న మాట ఆ కథల్లో ఎవరికీ అతకదు.

వనపర్తి సభ్యుడు:

అయితే చెడ్డవాడిని చెడ్డవాడు అనకూడదా? అర్థం చేసుకోవడం పేరుతో అందరినీ వదిలేద్దామా సార్? దెబ్బ తిన్నవారి ముందు నిలబడి ఈ మాట అనగలరా?

నల్గొండ సభ్యుడు:

చాలా అవసరమైన ప్రశ్న వేశారు. దీనికి నా దగ్గరున్న జవాబు పోతనది. భాగవతం ప్రథమ స్కంధంలో అశ్వత్థామ నిద్రపోతున్న ఉపపాండవులను చంపుతాడు. అర్జునుడు అతన్ని కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. అయిదుగురు కొడుకులు పోయిన తల్లి అడుగుతుంది:

ఉద్రేకంబున రారు శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు కిం
చిద్ద్రోహంబును నీకుఁ జేయరు బలోత్సేకంబుతోఁ జీకటిన్
భద్రాకారులఁ జిన్నిపాపల రణప్రౌఢక్రియాహీనులన్
నిద్రాసక్తుల సంహరింప నకటా నీ చేతు లెట్లాడెనో

పద్యం ఎలా నడిచిందో చూడండి. నీ మీదికి ఆవేశంతో రాలేదు, ఆయుధం పట్టలేదు, యుద్ధభూమిలో లేరు, నీకు కొంచెం ద్రోహమైనా చేయలేదు. చంపడానికి ఉండదగిన కారణాలన్నిటినీ ఆమె ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చింది. చివరికి కారణమేదీ మిగలలేదు. చీకటి, పసివాళ్లు, నిద్ర, అతని చేతులు మిగిలాయి. లక్ష్మణకవి పద్యంలోని ‘వృథాన్యార్థభంగము’ ఇదే. యుద్ధం అయిపోయింది, దుర్యోధనుడు తొడలు విరిగి పడి ఉన్నాడు, రాజ్యం తిరిగి రాదు. తండ్రిని చంపిన పగ ఉంది కదా అంటారా? ఉంది. ఆ పగకు ఈ పిల్లలతో సంబంధం లేదు, ఆమె చెబుతున్నదీ అదే.

ద్రౌపది ‘నువ్వు రాక్షసుడివి’ అనలేదు. చేతుల గురించి అడిగింది. మన ఊళ్లలో ఇప్పటికీ పసివాడిని గొడ్డును బాదినట్టు బాదినవాడిని పెద్దవాళ్లు ‘చేతులెట్లా వచ్చాయి నీకు’ అని నిలదీస్తారు. రాక్షసుడిని ఎవరూ అలా అడగరు. చెయ్యి ఆడకుండా ఆగగలిగే మనిషినే అడుగుతారు. అందుకే ఈ ప్రశ్న ఏ తిట్టు కన్నా గట్టిది. అవతలివాడు మనిషేనని గుర్తుచేసి, ఆ మనిషినే దోషిగా నిలబెడుతుంది.

వనపర్తి మిత్రుడి ప్రశ్నకు ఇక్కడే జవాబు ఉందనుకుంటాను. ఆమె అతన్ని వదిలేయలేదు, అడగవలసినదంతా ముఖాన అడిగింది. ‘పుత్రాకృతి నున్న ద్రోణుఁడవు’ అంది. నీ తండ్రి దగ్గర చదువుకున్నవారి బిడ్డలను నరకడం న్యాయమా అంది. నీ తల్లి ఇప్పుడు ఎక్కడ, నా లాగే ఏడుస్తోందో అని తలచుకుంది. అంతా అయ్యాక అతన్ని చంపవద్దని కోరింది. భీముడు చంపాలన్నాడు. చివరికి తల గొరిగి, తలమీది మణి తీసుకుని వెళ్లగొట్టారు. శిక్ష పడింది, కానీ ఇంకో తల్లికి కడుపుకోత మిగల్చలేదు.

నేను మళ్లీ మళ్లీ తిరిగి చూసే మాట మాత్రం ఆ పద్యంలో లేదు, దానికి ముందున్న వచనంలో ఉంది. అక్కడ పోతన అశ్వత్థామను ‘బాలవధజనితలజ్జాపరాఙ్ముఖుండైన కృపికొడుకు’ అంటాడు. పిల్లలను చంపిన సిగ్గుతో ముఖం తిప్పుకున్నవాడు. ద్రోణుడి కొడుకు అనలేదు, కృపి కొడుకు అన్నాడు, తల్లి పేరు పెట్టాడు. అదే సమాసంలో ‘లజ్జ’ పెట్టాడు. నిలువెల్లా విషమే ఉంటే సిగ్గుకు చోటెక్కడిది? అంత ఘోరం చేసినవాడిలోనూ ముఖం తిప్పుకునే మెడ ఒకటి ఉందని పోతన చూశాడు. చూసి కూడా నేరాన్ని తగ్గించలేదు, ‘బాలవధ’ అన్న మాటతోనే సమాసం మొదలుపెట్టాడు.

దేవరకొండ సభ్యుడు:

సిగ్గుపడనివాళ్ల సంగతి ఏమిటన్నా? కడవెండిలో కాల్చినవాళ్లు ముఖం తిప్పుకున్నారని ఎక్కడా చదవలేదు.

నల్గొండ సభ్యుడు:

నేనూ చదవలేదు తమ్ముడూ. వాళ్ల వైపు నుంచి, అంటే తుపాకీ పట్టిన జీతగాడి వైపు నుంచి మంచి కథ తెలుగులో వచ్చి ఉంటే నాకు చూపించండి. దెబ్బ తిన్నవారి కథలు మనకు ఉన్నాయి, ఉండాలి కూడా. కొట్టినవాడి చేతుల్లోకి దిగి రాసినవి నాకు చాలా తక్కువ కనిపించాయి. మీ ఊరి పెద్దవాళ్ల దగ్గర అలాంటి మనుషుల మాటలు ఏమైనా మిగిలి ఉంటే రాసి పెట్టు, పేర్లు వద్దు.

కొల్లాపూర్ అక్కా, మీకు మల్లభూపాలీయం ప్రతి దొరికితే ఈ నాలుగు రకాల మనుషుల పద్యం ఇక్కడ పెట్టండి. ‘సురభిమల్లా నీతివాచస్పతీ’కి చోటు ఇచ్చిన తర్వాత, పేరు దొరకని ఆ నాలుగోవాడికి బాలసరస్వతి ఎన్ని అక్షరాలు మిగిల్చాడో చూడాలని ఉంది.