పుట్టుకలో ఉన్నదే పదానికి అసలు అర్థమా?

మూలాన్వేషి:
వరదకు పంటంతా 'డెసిమేట్' అయిందని, అంటే పూర్తిగా నాశనమైందని, ఒక ఆంగ్ల వార్తలో చదివాను. మనసు ఒప్పుకోలేదు. లాటిన్‌లో 'డెకెమ్' అంటే పది. తిరగబడిన దళంలో చీట్లు వేసి, పదిమందికి ఒకరిని తోటి సైనికుల చేతనే చంపించడం రోమన్ సైన్యంలో ఒక శిక్ష. ఆ మాట అక్కడిది. పదోవంతు పోతేనే డెసిమేట్. ఇంత కచ్చితమైన పదాన్ని ఇలా అరగదీస్తే ఆ భావం చెప్పడానికి రేపు ఏ మాట మిగులుతుంది?

పదసంచారి:
మూలాన్వేషి గారూ, మీ బాధ అర్థమైంది కానీ వాదన నిలవదు. అదే 'డెకెమ్' డిసెంబరులోనూ ఉంది. రోమన్ల సంవత్సరం ఒకప్పుడు మార్చితో మొదలయ్యేది కాబట్టి అది పదో నెల. ఇప్పుడు పన్నెండోది. దాని పేరు మార్చమని మీరు అడగరు కదా! 'నైస్' సంగతి చూడండి. దాని మూలం లాటిన్ 'నెస్కియుస్', అంటే ఏమీ తెలియనివాడు. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో అది మూర్ఖుణ్ని అనే మాట. నెమ్మదిగా నాజూకు, సున్నితం అనే అర్థాల మీదుగా 18వ శతాబ్దానికి మెప్పుగా మారింది. మన వ్యాకర్తలు అర్థోత్కర్ష అనేది ఇదే. 'సిల్లీ'ది ఎదురు దారి. ధన్యజీవి కాస్తా అమాయకుడై, జాలిపడదగినవాడై, చివరికి తెలివిలేనివాడయ్యాడు. మన 'కంపు' కూడా ఒకప్పుడు పరిమళమే.

మూలాన్వేషి:
కంపు విషయం ఒప్పుకుంటాను. కానీ ఎప్పుడో జరిగిపోయిన మార్పు వేరు, కళ్లముందు జరుగుతున్న నష్టం వేరు. 'డిసింటరెస్టెడ్' అంటే నిష్పక్షపాతి, న్యాయమూర్తికి ఉండవలసిన గుణం. ఇప్పుడు దాన్ని 'ఆసక్తి లేని' అనే అర్థంలో రాసేస్తున్నారు. ఆ అర్థానికి 'అనింటరెస్టెడ్' ఉండనే ఉంది. రెండు పదాల మధ్య గట్టు తెగిపోతోంది.

కోశప్రియ:
ఆ ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుందండీ. 17వ శతాబ్దంలో 'డిసింటరెస్టెడ్' తొలి వాడుకలు ఆసక్తి లేకపోవడం గురించే. నిష్పక్షపాతానికి అప్పట్లో 'అనింటరెస్టెడ్' అనేవారు. తర్వాత రెండూ తారుమారయ్యాయి. అనువాదం చేసేటప్పుడు నేనూ ఆ తేడా పాటిస్తాను. అయితే అందుకు కారణం పుట్టుక కాదు, ఈనాటి పాఠకుడికి ఆ తేడా అవసరం కావడం.

మూలంలోనే సత్యం ఉందన్న నమ్మకం చాలా పాతది. 'ఎటిమాలజీ' అనే మాటలోనే గ్రీకు 'ఎటుమోస్' ఉంది, అంటే నిజమైనది. ఆ నమ్మకం ఇంగ్లీషు వర్ణక్రమాన్ని కూడా చెడగొట్టింది. 'ఐలాండ్' అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, అందులో 'ఎస్' లేదు. దీవి అనే అర్థంలోనే లాటిన్ 'ఇన్సులా' నుంచి వచ్చిన 'ఐల్'కు ఇది చుట్టమనుకుని, పలకని అక్షరాన్ని మధ్యలో ఇరికించారు. లేని బంధుత్వం కోసం ఇన్ని తరాల పిల్లలు ఆ అక్షరాన్ని బట్టీ పడుతున్నారు.

మూలాన్వేషి:
'ఐలాండ్' కథ నాకు కొత్త. 'డిసింటరెస్టెడ్' విషయంలో పుట్టుకను సాక్ష్యంగా తెచ్చే వాదన వదులుకుంటున్నాను. ఇతరులు 'డెసిమేట్' అని రాస్తే ఇకమీద తప్పు పట్టను. నేను మాత్రం పంట పూర్తిగా పోయినచోట ఆ మాట వాడలేను. ఆ చీట్లు, ఆ పదోమనిషి గుర్తొస్తూనే ఉంటారు.