‘పబ్లిక్ కీ’ని తాళంచెవి అనవచ్చునా?

రామచంద్రపురం దగ్గరి ఊరి నుంచి ఒక ఉపాధ్యాయురాలి ప్రశ్న:

మాస్టారికి నమస్కారం. సెలవులలో మా ఊరి గ్రంథాలయానికి వచ్చే తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం ఒక పాఠం రాసుకుంటున్నాను. ఫోనులో మనం పంపే మాటలు దారిలో ఇతరులకు ఎందుకు అర్థం కావో వారికి తెలుగులోనే చెప్పాలని నా కోరిక. అయితే ఆ మాటలను మూయడానికీ తెరవడానికీ వాడే ‘కీ’ అన్న పదం దగ్గర ఆగిపోయాను. నిఘంటువు చూసి ‘తాళంచెవి’ అని రాశాను, అందరికీ ఇచ్చే ‘పబ్లిక్ కీ’ని ‘బహిరంగ తాళంచెవి’ అన్నాను. చదివి వినిపిస్తే ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ‘తాళంచెవి అందరికీ ఇచ్చేస్తే ఇక తాళం ఎందుకమ్మా?’ అని అడిగింది. నాకు సమాధానం తోచలేదు. తప్పు మాటలో ఉందా, నా అవగాహనలో ఉందా?

జవాబు:

అమ్మా, తప్పు మాటలోనే ఉంది. మీ అమ్మాయి సరిగ్గా దాని మీదే వేలు పెట్టింది. ఆంగ్లంలో ‘కీ’ అనే ఒక్క పేరుతో రెండు వేరు వేరు వస్తువులను పిలిచారు. ఆ పేరును మనం నిఘంటువు చూసి తెచ్చుకోవడంతో వారి చిక్కు కూడా మన ఇంటికి వచ్చింది. నిజానికి మన గోదావరి జిల్లాల వాడుకలో ఆ రెండు వస్తువులకూ రెండు పేర్లు ముందునుంచే ఉన్నాయి.

మన ఇళ్లలో ‘తాళం’ అన్న మాట ఎలా నడుస్తుందో గమనించండి. ‘తాళం వేసి వచ్చాను’ అంటే తలుపుకు వేలాడేది. ‘తాళాలు మరిచిపోయాను’ అంటే బొడ్డున దోపుకొనేది. ఒకే మాట రెంటికీ చెల్లుతోంది, సందర్భాన్ని బట్టి మనకు తెలిసిపోతోంది. అయితే సందేహం వచ్చే చోట, ముఖ్యంగా ఇనుపసామాను కొట్టులో, మనం వెంటనే విడదీసి మాట్లాడతాం: వేలాడేది తాళంకప్ప, తిప్పేది తాళంచెవి. కప్పను చెవి అని, చెవిని కప్ప అని ఎవరూ అనరు. మీ పాఠానికి కావలసింది ఈ విడదీసిన జంటే. ‘పబ్లిక్ కీ’ తాళంచెవి కాదు, తాళంకప్ప.

ఇది ఎందుకో చెప్పడానికి కొంచెం వెనక్కు వెళ్లాలి. మన ఆడపిల్లలు పెద్దలకు అర్థం కాకుండా ‘క భాష’ మాట్లాడుకుంటారు కదా. ప్రతి అక్షరానికీ ముందు ‘క’ చేర్చి, ‘రేపు రా’ అనడానికి ‘కరేకపు కరా’ అంటారు. ఇందులో చెవి అనేదే లేదు. పద్ధతి తెలిసిన వారందరికీ గుట్టు తెలిసినట్లే. రహస్యమంతా పద్ధతిలోనే పెట్టుకుంటే అది ఒకనాడు బయటపడక తప్పదనీ, పద్ధతి శత్రువుకు తెలిసినా చెవి ఒక్కటి దక్కకపోతే చాలు అన్నట్లుగా ఏర్పాటు ఉండాలనీ 1883లో ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అనే భాషావేత్త ప్రతిపాదించాడు. ఈ శాస్త్రంలో నేటికీ నిలిచిన నియమం అది. తాళంకప్ప లోపల ఏముందో కమ్మరికీ తెలుసు, దొంగకూ తెలుసు. మన కప్పకు సరిపోయే పళ్ల వరుస మాత్రం మన చెవికే ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తమ సందేశాలను ఇతరులకు అర్థం కాకుండా మార్చడానికి వాడిన ఎనిగ్మా యంత్రం ఈ నియమానికి మంచి ఉదాహరణ. యంత్రం నిర్మాణాన్ని పోలండ్ గణితవేత్త మరియన్ రెయెవ్‌స్కీ 1932 చివరలోనే లెక్కల ద్వారా కనిపెట్టాడు. ఆయనా, సహచరులైన యెర్జీ రుజిత్స్కీ, హెన్రిక్ జిగాల్‌స్కీలూ సాధించినదంతా 1939 జూలైలో వార్సా దగ్గరి అడవిలో బ్రిటిష్, ఫ్రెంచి వారికి అప్పగించారు. (ఈ ముగ్గురి పేర్లు చెప్పకుండా బ్రిటిష్ గణితవేత్త ట్యూరింగ్ దగ్గరే కథ మొదలుపెట్టడం నాకు న్యాయంగా తోచదు. మీ పాఠంలో వారికి ఒక వాక్యమైనా ఇవ్వండి.) అంటే శత్రువుల సందేశాలను ఛేదించే బ్రిటిష్ కేంద్రమైన బ్లెచ్‌లీ పార్క్‌లో కూర్చున్న వారికి కప్ప తెలుసు, తెలియనిది ఆనాటి చెవి. ఐదు చక్రాలలో ఏ మూడు, ఏ వరుసలో, ఏ స్థానం నుంచి తిరగాలి, ముందుపలకలో ఏ అక్షరాన్ని ఏ అక్షరంతో తీగ వేసి కలపాలి అన్న రోజువారీ అమరికే ఆ చెవి. పది తీగలు వాడినప్పుడు అటువంటి అమరికలు 159 పక్కన 18 సున్నాలు పెట్టినంత వస్తాయి. అన్నీ వరసగా ప్రయత్నించి చూడటం మనుషుల వల్ల కాదు. కాని ఆ యంత్రంలో ఏ అక్షరమూ తిరిగి అదే అక్షరంగా రాదన్న లోపం ఒకటి ఉంది. వాతావరణ నివేదికల వంటివి రోజూ ఒకే మూసలో పంపే అలవాటు వల్ల ఫలానా మాట అందులో ఉండి తీరుతుందని ఊహించడానికీ వీలు కలిగింది. ఈ రెండింటినీ పట్టుకొని అలన్ ట్యూరింగ్, గోర్డన్ వెల్చ్‌మన్ రూపొందించిన ‘బాంబ్’ యంత్రాలు 1940 నుంచి ఆ చెవులను వెతికాయి.

ఇక్కడ మన మాటకు అవసరమైన సంగతి ఒకటి ఉంది. ఎనిగ్మాలో పంపేవాడి దగ్గరా, అందుకొనేవాడి దగ్గరా ఒకే అమరిక ఉండాలి. వేసేదీ తీసేదీ ఒకటే చెవి. కనుక ఆ చెవిని ముందుగా ఎలాగో ఒకలాగు చేరవేయాలి. జర్మన్లు అమరికల పట్టికలను ముందుగానే అచ్చువేసి పంచేవారు. ఓడలకు ఇచ్చినవి నీళ్లు తగిలితే కరిగిపోయే సిరాతో అచ్చయ్యేవి. అంత జాగ్రత్త పడినా 1941 మే 9న యు-110 అనే జలాంతర్గామి నుంచి యంత్రమూ పత్రాలూ బ్రిటిష్ నావికుల చేతికి చిక్కాయి. చెవి ప్రయాణం చేయవలసి రావడమే ఆ పద్ధతిలోని అసలు బలహీనత. వేల సంవత్సరాలుగా రహస్యలేఖనమంతా ఈ ఒక్క బాధను మోస్తూనే వచ్చింది.

మీరు అడగలేదు గాని, ‘కోడ్’, ‘సైఫర్’ అనే రెండింటినీ కూడా కలిపివేయకండి. 1942 ఏప్రిల్ 6న మన కాకినాడ మీద, విశాఖపట్నం మీద జపాన్ నౌకాదళ విమానాలు బాంబులు వేశాయని పిల్లలు ఇళ్లలో విని ఉంటారు. ఆ నౌకాదళం ప్రధానంగా వాడిన పద్ధతిని అమెరికన్లు జేఎన్-25 అన్నారు. అందులో మొదట ఒక్కొక్క మాటకు, పదబంధానికి పుస్తకం చూసి ఐదంకెల సంఖ్య రాసేవారు. తరువాత మరొక పుస్తకంలోని సంఖ్యలను వాటికి కలిపేవారు. మాటకు బదులు మాట పెట్టే మొదటి పనిని ‘సంకేతం’ అనాలి. అక్షరాలను, అంకెలను మార్చివేసే రెండో పనిని ‘గూఢలిపి’ అనాలి. చారులు వార్తలు పంపడానికి వాడవలసినదాన్ని అర్థశాస్త్రం ‘సంజ్ఞాలిపి’ అంది కనుక ‘లిపి’ అన్న మాటకు పూర్వుల అండ కూడా ఉంది.

ఇక తాళంకప్ప సంగతి. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనే ఇద్దరు, వేసేదీ తీసేదీ ఒకటే కావలసిన అవసరం లేదని ప్రకటించారు. మరుసటి ఏడు రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ దానికి పనిచేసే లెక్కను ఇచ్చారు. (బ్రిటిష్ గూఢచార శాఖలో జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్స్ అంతకు ముందే ఇదే కనుగొన్నా, 1997 దాకా ఆ సంగతి బయటపెట్టలేదు.) పిల్లలకు ఇలా చెప్పండి. అమలాపురంలో ఒకావిడ నొక్కితే చాలు పడిపోయే తాళంకప్పలు వంద చేయించి, అన్నీ తెరిచే ఉంచి ఊరూరా పంచిపెట్టింది. చెవి మాత్రం ఒక్కటే, అది ఆవిడ ఇల్లు దాటదు. రాజోలులో ఉన్న చెల్లెలు ఉత్తరం పెట్టెలో పెట్టి, ఆ కప్ప నొక్కి బస్సులో పంపింది. కండక్టరు తీయలేడు, తోటి ప్రయాణికులు తీయలేరు. నొక్కిన తరువాత తీయడం ఆ చెల్లెలి వల్ల కూడా కాదు! కప్ప అందరి చేతిలో ఉండటం వల్ల భద్రతకు ఏ లోటూ రాలేదు, చెవి ప్రయాణం చేయవలసిన అవసరమూ లేకపోయింది. మీ అమ్మాయి ప్రశ్నకు ఇదే సమాధానం.

లెక్క కూడా చూపించండి, అది పదో తరగతి పిల్లలకు అందేదే. కప్ప మీద 33, 3 అనే రెండు అంకెలు ఉన్నాయనుకోండి. పంపవలసినది 4. దానిని మూడుసార్లు వేసి గుణిస్తే 64. 33తో భాగిస్తే శేషం 31. పంపేది ఆ 31నే. చెవి 7. 31ని ఏడుసార్లు వేసి గుణించి 33తో భాగిస్తే శేషం మళ్లీ 4 వస్తుంది. 7 ఎక్కడిదంటే, 33 అనేది 3, 11ల లబ్ధం. ఒక్కొక్కటి తగ్గిస్తే 2, 10. వాటి లబ్ధం 20. 3ను 7తో గుణిస్తే 21, 20తో భాగిస్తే శేషం 1. కాబట్టి 33ను విడగొట్టగలిగిన వాడికి చెవి దొరికినట్లే. 33ను ఎవరైనా విడగొడతారు. ఇప్పుడు సాధారణంగా వాడే సంఖ్యలకు 617 అంకెలు ఉంటాయి. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం కప్పను నొక్కినంత తేలిక. ఆ లబ్ధాన్ని తిరిగి విడదీసే త్వరిత మార్గమేదీ నేటి కంప్యూటర్లకు దొరకలేదు.

చెవి ఉన్నవాడు తెరవడానికీ, లేనివాడు ఛేదించడానికీ కూడా తేడా చూపాలి. మొదటిది ‘గుట్టు విప్పడం’, రెండవది ‘గుట్టు రట్టు చేయడం’. బెర్లిన్‌లో చేసినది విప్పడం, బ్లెచ్‌లీలో చేసినది రట్టు చేయడం. ‘ప్రైవసీ’కి ‘గోప్యత’ అనడం తప్పు కాదు గాని, నాకు ‘గుట్టు’ అన్న మాట మీద మనసు పోతుంది. ‘గుట్టుగా బతుకుతున్నారు’ అని మనం గౌరవంతో అంటాం. అందులో దాచవలసిన నేరమేదో ఉందన్న ధ్వని లేదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లి, కోనసీమలో అమ్మమ్మ దగ్గర ఉన్న కూతురితో రాత్రిపూట మాట్లాడుకొనే మాటలు ఆ ఇద్దరివే. 2016 నుంచి వాట్సాప్‌లో అటువంటి మాటలన్నిటికీ ఈ కప్పల పద్ధతే కాపలా కాస్తోంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రాథమిక హక్కుగా గుర్తించినది కూడా ఈ గుట్టునే. ప్రభుత్వాలు తమకొక ప్రత్యేక మార్గం ఉంచమని అడగడాన్ని కొందరు ‘దొడ్డిదారి’ అని రాస్తున్నారు. అన్ని చెవులకూ నకళ్లు తమ దగ్గర పెట్టమన్న కోరికకైతే ‘మారుతాళం’ అన్న మన పాతమాట ఇంకా సూటిగా సరిపోతుంది. ఒకరి కోసం చేసిన మారుతాళం ఇంకొకరి చేతిలో పడితే అదీ అలాగే తిరుగుతుంది.

ఉపాధ్యాయురాలు:

చాలా సంతోషం మాస్టారూ. అయితే ఇంకొక చిక్కు వచ్చింది. డిజిటల్ సంతకంలో సొంత చెవితో చేసినదాన్ని అందరూ ‘పబ్లిక్ కీ’తో సరిచూస్తారని చదివాను. అక్కడ కప్ప అంటే పొసగదు కదా? పైగా రాజోలుకు చేరిన కప్ప నిజంగా అమలాపురం ఆవిడదేనని చెల్లెలికి ఎలా తెలుస్తుంది?

జవాబు:

పొసగదు, మీరు చెప్పినది నిజం. లెక్క అదే అయినా పని మారింది కనుక అక్కడ పేరు మార్చాలి. సంతకం చేసే చెవిని ‘ముద్రిక’ అనండి, అందరి దగ్గరా ఉండే సరిచూసే భాగాన్ని ‘ముద్ర నమూనా’ అనండి. ఉంగరం ఒక్కరి వేలికే ఉంటుంది. లక్క మీద దాని అచ్చు ఎలా ఉంటుందో ఊరంతటికీ తెలుసు.

మీ రెండో ప్రశ్న మరీ ముఖ్యమైనది, ఎందుకంటే దారిలో కప్పను మార్చి తన కప్ప పెట్టేవాడే ఈ పద్ధతికి పెద్ద శత్రువు. దానికి సుందరకాండను తీయండి. హనుమంతుడు రాముని ఉంగరం చూపించాడు, అది ముద్రిక. సీతమ్మ తిరిగి చూడామణి ఇవ్వడమే కాక, తనకూ రామునికీ మాత్రమే తెలిసిన కాకాసురుని కథను చెప్పి పంపింది. వస్తువైతే దొంగ చేతిలో పడవచ్చు, ఇద్దరికే తెలిసిన కథ అలా పడదు. వాల్మీకి దీనిని ‘అభిజ్ఞానం’ అన్నాడు. ఎదుటివారు నిజంగా వారేనని తేల్చుకొనే ‘ఆథెంటికేషన్’కు ఇంతకంటే సరైన మాట మనకు అక్కరలేదు. వాట్సాప్‌లో ఒక్కొక్క పరిచయానికీ 60 అంకెల భద్రతా సంఖ్య ఒకటి కనబడుతుంది. అక్కచెల్లెళ్లు ఎదురుపడినప్పుడు రెండు ఫోనులలోనూ ఆ సంఖ్య ఒకటేనా అని సరిచూసుకుంటే కప్ప మారలేదని తేలుతుంది.

పాఠం చెప్పేటప్పుడు నొక్కితే పడే తాళంకప్ప ఒకటి, ఒక రేకుపెట్టె వెంట తీసుకువెళ్లండి. మీ అమ్మాయిని కూడా పిలిచి, ముందు ఆ ప్రశ్నను ఆమె చేతనే అడిగించండి.