సమస్యాపూరణం: «చివరివాఁడె మొదట చేరుకొనియె»

నిర్వాహకుడు, అనంతపురం

ఈ వారం పాదం ఆటవెలదిలో నాలుగోది. అయిదూ సూర్యగణాలే. చివరి, వాఁడె, మొదట, చేరు, కొనియె. చి-చే యతి, అంటే ఒకటో గణం, నాలుగో గణం మొదటి అక్షరాలకు పొత్తు. పైన మూడు పాదాలు మీవి.

విషయం వంద మీటర్ల పరుగు. 2026 సెప్టెంబరులో నగోయాలో ఏషియాడ్ (ఆసియా క్రీడలు) మొదలవుతుంది. అట్లాంటి పెద్ద పోటీ వస్తాందంటే చాలు, ఎవరు ఎంతలో ఉరికినారు, ఎవరు ఎవర్ని కొట్టినారు అనే లెక్కలు మొదలైతాయి. మన రాయలసీమ వాళ్ళకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదనే మాట కూడా దీంతో పోవాల.

రెండు షరతులు. వినాయకుడు అమ్మానాయనల చుట్టూ తిరిగి గెలిచిన కథ వద్దు. ఆ కథతో ఈ పాదాన్ని నిద్రలో అయినా పూరించొచ్చు. తాబేలూ కుందేలూ అంతకన్నా వద్దు. రెండో షరతు, గణం తప్పితే సవరించుకుందాం గానీ సెకను తప్పితే పద్యం పక్కన పెడతా.

కడప మాస్టారు

మొదటి బోణీ నాదే.

పారిసందు నాఁడు పరుగున లైల్సుండు
ముప్పదింట వెనుక మూల నుండి
తృటిని రొమ్ము వంచెఁ దెల్లని గీఁతపై
చివరివాఁడె మొదట చేరుకొనియె

2024 ఆగస్టు 4, పారిస్ ఒలింపిక్స్ ఫైనల్. ముప్పై మీటర్ల దగ్గర నోవా లైల్స్ ఎనిమిది మందిలో అందరికన్నా వెనక. చివర్లో గెలిచింది ఆయనే.

నిర్వాహకుడు

మాస్టారూ, పాదం ఇచ్చేటప్పుడు నా మనసులో ఉన్నది ఈ పరుగే. రెండో పాదంలో «ముప్పదింట» అంటే ముప్పై దేంట్లో అని పోటీ చూడనివాళ్ళు అడుగుతారు. మీటర్లు అనే మాట పద్యంలో లేదు, మీ వివరణలో ఉంది. పద్యం తనంతట తాను నిలబడాల గదా.

మూడో పాదానికి మాత్రం దండం. «రొమ్ము వంచె» అన్నది అలంకారం కాదు, నిబంధన. తల దాటినా, చెయ్యి దాటినా, కాలు దాటినా లెక్కలోకి రాదు. మొండెం గీత తాకినప్పుడే గడియారం ఆగుతుంది. లైల్స్ 9.784, రెండోవాడు జమైకా కిషేన్ థాంప్సన్ 9.789. ఇద్దరికీ బోర్డు మీద 9.79 పడింది. తేడా సెకనులో వెయ్యింట అయిదు పాళ్ళు. ఆ వేగంలో అది అయిదారు సెంటీమీటర్లు. మన కొలతలో చెప్పాలంటే బెత్తెడు కూడా లేదు. తృటి అనే మాటకు ఇంతకన్నా సరైన చోటు దొరకదు.

గుత్తి పీఈటీ

నాకు యతులు తెలీవప్పా, పరుగు తెలుసు. లైల్స్ వెనకబడినాడంటే నిదానంగా ఉరికినాడని కాదు. ఆ ఫైనల్లో ఎనిమిదోవాడు కూడా 9.91. వెనకగాలి నిబంధన దాటకుండా ఎనిమిది మందీ పది సెకన్ల కిందకు వచ్చిన పరుగు అంతకుముందు ఒక్కటీ లేదు. లైల్స్ లేవడం నిదానం (తుపాకీ మోగినాక 0.178), ఆఖరి నలభై మీటర్లలో మిగతావాళ్ళకన్నా తక్కువ తగ్గుతాడు. పిల్లోళ్ళకు ఇదే చెప్తా నేను. చివర్లో ఎవరూ వేగం పెంచరు, అందరూ తగ్గుతారు. తక్కువ తగ్గినోడు దాటుకోని పోతాన్నట్టు మన కంటికి కనపడుతుంది.

తాడిపత్రి తమ్ముడు

అన్నా, నాకు ఒక విరుపు తట్టింది. «చివరి, వాడె, మొదట చేరుకొనియె». అంటే మొదట ముందుకు చేరుకొని, చివర్లో వాడిపోయినాడు. కిషేన్ థాంప్సన్ కథ కదా! ఒప్పుకుంటారా?

నిర్వాహకుడు

ఆశ మంచిదే తమ్ముడూ, అరసున్న ఒప్పుకోదు. «వాఁడె» అరసున్నతో ఉంటే ఆయనే అని. అరసున్న లేని «వాడె» అయితేనే వాడిపోవడం. నేను ఇచ్చిన పాదంలో అరసున్న ఉంది. అదీ గాక «చివర వాడె» అయితే అన్వయం కుదురుతుంది, «చివరి వాడె» అంటే కుదరదు. పైగా బెత్తెడు తేడాతో రెండోవాడైనోణ్ణి వాడిపోయినాడంటే ఎట్లా?

ప్రొద్దుటూరు

మాస్టారు పారిస్‌లోనే ఆగిపోయినారు. నేను అక్కడినుంచి ఇంకో ఊరికి పోయినా.

ఎనిమిదింట నిలిచె నెవ్వఁడు పారిసున్
వాఁడె టోక్యొలోన వాయువట్లు
తొమ్మిదింటిమీఁదఁ దూఁగి డెబ్బదియేడు
చివరివాఁడె మొదట చేరుకొనియె

పీఈటీ సారు చెప్పిన ఆ 9.91 ఎనిమిదోవాడు ఆబ్లిక్ సెవిల్. జమైకా. పారిస్‌లో ఆఖరు. 2025 సెప్టెంబరు 14న టోక్యో ప్రపంచ పోటీల్లో 9.77తో మొదలు. థాంప్సన్ 9.82తో మళ్ళీ రెండోవాడే, లైల్స్ 9.89తో మూడోవాడు. చివరివాడు నిజంగానే చివరివాడు, మొదట నిజంగానే మొదట. ఒక్క మాట కూడా వంచలేదు.

కడప మాస్టారు

ఒప్పుకున్నా. నాది ముప్పై మీటర్ల వరకే చివర. మీది వంద మీటర్లకూ చివర.

నిర్వాహకుడు

ఈ పద్యం దగ్గర కాసేపు కూర్చోవాల.

దశాంశాన్ని పద్యంలోకి తేవడం ఎంత కష్టమో రాసినోళ్ళకే తెలుసు. 9.77 అని అంకె వేస్తే గణం ఎట్లా లెక్కపెడతాం? «పాయింట్» అని పెడితే చెవికి ముల్లు. ప్రొద్దుటూరాయన «తొమ్మిదింటిమీఁద డెబ్బదియేడు» అన్నాడు. ఇది మన ఇళ్ళల్లో మాట. తొమ్మిదిమీద పావు, పదిమీద ముప్పావు అని బియ్యం కొలిచినట్టు సెకన్లు కొలిచినాడు. గణాలు చూడండి. తొమ్మి, దింటి, మీఁద, మూడు హగణాలు. «దూఁగి డె» రగణం, «బ్బదియేడు» సలం. మాట మధ్యలో గణం విరిగినా చదివేటప్పుడు తెలియడం లేదు. తొ-దూ యతి కూడా నిక్కంగా కూర్చుంది.

తప్పు కూడా చెప్పాల కదా. «వాఁడె» రెండుసార్లు వచ్చింది, రెండో పాదంలో ఒకసారి, నా పాదంలో ఒకసారి. పునరుక్తి. «తూఁగి» మాత్రం యతి కోసం తెచ్చి పెట్టిందే.

ప్రొద్దుటూరు

తూఁగి యతి కోసం వచ్చిందనేది నిజమే, దాచను. అయినా మా ఊరు బంగారం అంగళ్ళ ఊరు సామీ. ఇక్కడ పావు గ్రాము తేడా కూడా తూచి చెప్తారు. వందో వంతు సెకనుకు తూగడం అనే మాట మాకు సహజంగానే వస్తుంది.

నిర్వాహకుడు

ఆ సమాధానంతో తూఁగిని వదిలేస్తున్నా. పునరుక్తిని వదలను.

ఆదోని అక్క

ఒక సందేహం. ఇద్దరూ థాంప్సన్ రెండోవాడనే చెప్పినారు. మరి పారిస్‌కు ముందు ఆయన పేరే కదా మారుమోగింది?

గుత్తి పీఈటీ

అవునక్కా. 2024 జూన్‌లో జమైకా ఎంపిక పోటీల్లో 9.77. 2025 జూన్‌లో అక్కడే 9.75. రెండేండ్లూ పెద్ద పోటీకి ముందు అందరూ ఆ పిల్లోని పేరే చెప్పినారు, రెండేండ్లూ వెండి. ఇది ఆయనొక్కడి కథ కాదు. 2012లో జమైకా ఎంపిక పోటీల్లో యోహాన్ బ్లేక్ 9.75తో బోల్ట్‌ను ఓడించె, బోల్ట్ 9.86. రెండొందల్లో కూడా బ్లేకే. లండన్ ఒలింపిక్స్‌కు పోతే బోల్ట్ 9.63, బ్లేక్ 9.75. బ్లేక్ నిదానం కాలేదు చూడు, అదే 9.75. ఎదుటోడు మారినాడు. 2015లో అమెరికా గాట్లిన్ దోహాలో 9.74 ఉరికి ఆ ఏడు ప్రపంచ పోటీల దాకా ఎవరి చేతా ఓడలేదు. ఆ పోటీల్లో, బీజింగ్‌లో, 9.80, బోల్ట్ 9.79.

ఎంపిక పోటీలో ముగ్గురిలో ఒకడు కాకపోతే విమానమే ఎక్కరు గదా. కాబట్టి కొందరు అక్కడే ఉన్నదంతా పెట్టేస్తారు. పెద్ద పోటీలో ఫైనల్‌కు వచ్చేసరికి కాళ్ళల్లో ముందటి రౌండ్లుంటాయి. గాలి ఇంకొకటి. వెనకనుంచి సెకనుకు రెండు మీటర్లు దాటితే ఆ టైము రికార్డు లెక్కలోకి రాదు. మన రామగిరి గాలిమరల కింద ట్రాక్ వేస్తే నేను కూడా రికార్డు కొడతా, ఎవరూ ఒప్పుకోరంతే!

నాకూ ఒక కడుపుమంట ఉండాది. చదువుకునే రోజుల్లో ఒక జిల్లా పోటీలో మూడు చేతి గడియారాలు మూడు టైములు చూపించినాయి. నాకు పడింది పెద్దది, నా పక్కోనికి చిన్నది. చేతి గడియారం టైముకు 0.24 కలిపితే గాని కరెంటు గడియారంతో పోల్చగూడదని ఎన్నో ఏండ్లకు తెలిసింది. అప్పుడు నేను సర్టిఫికెట్లో రాసుకున్న టైము చూసుకోని నవ్వుకున్నా.

తాడిపత్రి తమ్ముడు

నాది కూడా చూడండన్నా. మొదటిసారి రాస్తాండా.

బోల్టు బెర్లినందు బొమ్మలా నిలబడి
అందఱుఱికినాక యతఁడు కదలి
నలుబదొక్కటంగలందు గీతను దాటె
చివరివాఁడె మొదట చేరుకొనియె

నిర్వాహకుడు

మొదటిసారికి గణాలన్నీ కుదిరినాయంటే గొప్పే. మూడో పాదంలో యతి పోయింది. «నలుబ»కు నాలుగో గణం «లందు గీ». న-ల మైత్రి లేదు. «నలుబదొక్క యంగ నాటి గీతను దాటె» అని చూడు. న-నా సరిపోతుంది, అంగ నాటడం అనే మాటలో కాలు నేలకు తగిలే చప్పుడు కూడా వినపడుతుంది. «బొమ్మలా» వ్యావహారికం, మిగతా పద్యం గ్రాంథికం. అది మీ ఇష్టం.

గుత్తి పీఈటీ

యతి పోతే పోయింది, సెకను కూడా పోయింది తమ్ముడూ. 2009 ఆగస్టు 16, బెర్లిన్, 9.58. అంగలు నలభై ఒకటి అన్నది సరే. బోల్ట్ కదిలింది 0.146కి. ఆయన తర్వాత కదిలినోళ్ళు ఇంకా ఇద్దరుండారు. «అందఱుఱికినాక» అనేది తప్పు. బోల్ట్ పొడుగు మనిషి, లేచేది నిదానం అని అందరూ అనుకుంటారు, నువ్వూ అనుకున్నావు.

నిర్వాహకుడు

రెండో షరతు గుర్తుందా? పద్యం పక్కన పెడుతున్నా. బాధపడొద్దు, వచ్చే వారం రావాల.

నంద్యాల

అందరూ జమైకా, అమెరికా అంటాన్నారు. మనోళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఱెప్ప వేయువాఁడు రేసును జూడఁడు
గ్రీసు దేశమందుఁ గెలిచె నితఁడు
అనిమిషుండు పేర, నంకెల వరుసలో
చివరివాఁడె మొదట చేరుకొనియె

మన జాతీయ రికార్డు వరుస ఇది. 2022లో అమ్లాన్ బోర్గోహైన్ 10.25, 2023లో మణికంఠ హోబ్లిదార్ 10.23, 2025 మార్చిలో బెంగళూరులో గురిందర్‌వీర్ సింగ్ 10.20. ఆ పరుగులో మణికంఠ 10.22తో రెండోవాడు, తన పాత రికార్డును తానూ దాటినాడు, అయినా రికార్డు పక్కోనికి పోయింది! జూలైలో గ్రీసులో అనిమేష్ కుజూర్ 10.18. ఈ నలుగురి వరుసలో చివర వచ్చినాయన అప్పటికి మొదటి స్థానంలో కూర్చున్నాడు. అనిమిషుడంటే రెప్ప వేయనివాడు, ఆ చమత్కారం కోసమే ఈ పద్యం.

కడప మాస్టారు

పేరులోంచి పద్యం తీశారు, బాగుంది. ఛాందసం అనుకోకపోతే ఒక మాట. ఱెప్పకు శకటరేఫ, రేసుకు సాధురేఫ. పాతవాళ్ళు ఈ రెంటికీ యతి ఒప్పుకోరు.

నిర్వాహకుడు

నేను ఒప్పుకుంటా మాస్టారూ. మన నోట్లో ఆ రెండూ ఒకటై ఎన్నో తరాలైంది.

గుత్తి పీఈటీ

నేను ఒప్పుకోను, రేఫ సంగతి కాదు. «గెలిచె నితఁడు» అన్నారు. గ్రీసులో ఆ పరుగులో అనిమేష్ మూడోవాడు. తెచ్చింది జాతీయ రికార్డు, గెలుపు కాదు. 10.20కీ 10.18కీ తేడా ఒకే ట్రాక్ మీద అయితే జానెడు. ఆ జానెడు కోసం ఎంత కష్టపడినారో పిల్లోళ్ళు, అది చాలు. గెలుపు కలపనక్కర్లేదు.

నంద్యాల

దిద్దుకున్నా. «గ్రీసు దేశమందు గీఁత దాఁటె». యతి చెడలేదు, అబద్ధం పోయింది.

ఆదోని అక్క

నాకు బెర్లిన్ తెలీదు, టోక్యో తెలీదు. మా పిల్లోడు తెలుసు.

మాపు దాఁక నుఱికి మైదాన మందుండి
తెల్లవాఱకుండఁ దిరిగి వచ్చి
సుద్దగీఁత మీఁద సూదిబూటు బిగించి
చివరివాఁడె మొదట చేరుకొనియె

సాయంత్రం గ్రౌండు వదిలేదాంట్లో చివర, పొద్దున చేరేదాంట్లో మొదట. వాడు స్పైక్స్ అంటాడు. అడుగున సూదులున్న బూట్లని నేను సూదిబూట్లు అంటా. నెలకొకసారి ఆ సూదులు మార్చమని నా ప్రాణం తీస్తాడు. మట్టి ట్రాక్‌కు పొడుగు సూదులంట, రబ్బరు ట్రాక్‌కు పొట్టివంట.

నిర్వాహకుడు

అక్కా, సమస్యలో ఉన్న చిక్కు మీ ఇంట్లో రోజూ విడిపోతాన్నట్టుంది. «మైదాన మందుండి» మీద నాకు పేచీ లేదు, మా-మై చక్కగా కలిసింది. అన్వయం ఒక్కటి చూడండి. బూటు బిగించి చేరుకున్నాడా, చేరుకొని బిగించుకున్నాడా? మీ పద్యం ప్రకారం బిగించుకున్నాకే చేరుకున్నాడు.

ఆదోని అక్క

నిజమే. «బిగింప» అంటే? బిగించుకునేదానికి ముందుగా చేరినాడని.

నిర్వాహకుడు

గణం అదే, అర్థం కుదిరింది. అయితే «బిగింపన్» ద్రుతాంతం (చివర న్ ఉన్న మాట) కాబట్టి నా పాదం «జివరివాఁడె» అవుతుంది. సంధి వల్ల వచ్చిన మార్పు సమస్యను చెరిపినట్టు కాదు. రాయండి:

సుద్దగీఁత మీఁద సూదిబూటు బిగింపఁ
జివరివాఁడె మొదట చేరుకొనియె

ఈ వారం నా ఓటు ప్రొద్దుటూరాయనకు, ఆ మూడో పాదం కోసం. రెండోది అక్కకు. మాస్టారు నొచ్చుకోరని నా నమ్మకం.

కడప మాస్టారు

నొచ్చుకున్నా. బెత్తెడు తేడాతో పోయింది.

నిర్వాహకుడు

వచ్చే వారానికి పాదం, మళ్ళీ ఆటవెలదే:

నీడ ముందు నడచె నేల విడిచి

గుత్తి పీఈటీ

రేపు పొద్దున ఆరింటికి గ్రౌండులో నా నీడ ఏం చేస్తాందో చూసి చెప్తా.