మంటలారిన చోటా, మంటలారని చోటా?

ప్రశ్న: డెర్మటోమయోసైటిస్ (చర్మం మీద దద్దుర్లు, కండరాల్లో బలహీనత తెచ్చే జబ్బు) మీద ఎప్పుడో చదివిన పద్యంలోని ఒక పాదం నన్ను వదలడం లేదు: “మంటలారిన చోట సున్నము పేరును.” అది “ఆరిన” అనా, “ఆరని” అనా? మిత్రులు చెప్పగలరు.

— న, ని రెండూ లఘువులే కనుక గణాలు ఇక్కడ తీర్పు చెప్పవు, అర్థాన్నే అడగాలి. పిల్లల్లో ఈ జబ్బుకు చికిత్స ఆలస్యమై, శోథ, అంటే ఒంట్లోని వాపు-మంట, చాలాకాలం అణగకుండా ఉంటేనే కాల్సినోసిస్ (చర్మం కింద, కండరాల్లో కాల్షియం గడ్డకట్టడం) ముప్పు పెరుగుతుంది. కాబట్టి “ఆరని” అన్నదే సాధువు.

— కారణం మీరు చెప్పినదే కావచ్చు గాని, పద్యం చెబుతున్నది కంటికి కనబడే క్రమాన్ని. దద్దుర్లు తగ్గి, కండరాలకు బలం వచ్చి, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నాక, జబ్బు మొదలైన కొన్నేళ్లకు మోచేతుల దగ్గరా మోకాళ్ల దగ్గరా గట్టి గడ్డలు చేతికి తగలడం ఉంది. రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్ మామూలుగానే ఉంటాయి. దెబ్బతిన్న కణజాలమే కాల్షియాన్ని పట్టుకుంటుంది. ఆ దుఃఖమంతా “ఆరిన”లోనే ఉంది.

— నా అభ్యంతరం “సున్నము” మీద. అక్కడ చేరేది ప్రధానంగా హైడ్రాక్సీఅపటైట్, అంటే ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేటే.

— అయ్యా, గడ్డ మీది చర్మం చిట్లి, తడిపిన సుద్దలాంటి తెల్లని ముద్ద బయటికి రావడం చూసినవారు సున్నమనే అంటారు. ఆ పుండు ఒక పట్టాన మానదు, స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా చేరితే చుట్టూ ఎర్రబడి జ్వరం వస్తుంది. ఒక్కోసారి గడ్డలో పాలవంటి ద్రవం నిండితే చీము అని పొరబడే ప్రమాదమూ ఉంది. కీలు పక్కన గట్టిపడితే చేయి పూర్తిగా చాచలేరు, నరం నొక్కుకుపోతే తిమ్మిరి.

— అందుకే అది “పేరును” కాదు, “పేర్చును” అయి ఉంటుందని నా నమ్మకం. పాత కావ్యభాషలో పేర్చు అంటే విజృంభించు. క్రియ ఎంపికలో తిక్కనగారిని మించినవారు లేరు. ఆయన చేతిలో పడితే ఇలాంటి చోట మెత్తని క్రియ నిలవదు. ఈ నిక్షేపాలు కొందరిలో కండరపు పొరల వెంట పలకలుగా పాకి, ఒంటికి పెంకులా బిగుస్తాయి కదా!

— పేర్చును అన్నా గణం చెడదు గాని, ఇక్కడ పేరును, అంటే గడ్డకట్టును, అన్నదే సరి. నెత్తురు పేరును అన్నట్టే సున్నము పేరును.

— నా న, ని సంగతి అలాగే ఉండిపోయింది.

— తరవాతి పాదం దొరికితే తేలవచ్చు. కొందరిలో ఈ గడ్డలు వాటంతటవే తగ్గుతాయి; డిల్టియాజెమ్ (రక్తపోటు మందు), బిస్ఫాస్ఫొనేట్లు (ఎముకల మందులు), శస్త్రచికిత్స వంటివి ప్రయత్నిస్తారు గాని, అందరికీ పనిచేసే మందు లేదు. అక్కడ “కరగును” అని ఉందా, “కరగదు” అని ఉందా?